మౌనం అర్ధాంగీకారం కాని చోట

మౌనం అర్ధాంగీకారమని మనకో నానుడి. ఎదురుగా కూర్చున్న మనిషి విషయంలో అది చాలావరకు చెల్లుతుంది. నోరు విప్పకపోయినా ముఖం కనిపిస్తూ ఉంటుంది. ఒకరికి తెల్లవారేసరికి మరొకరికి పొద్దుగూకే దేశాల్లో ఉంటూ, ఈమెయిళ్లతో, చాట్‌తో ఒకే పని చేస్తున్నవారి మధ్య ఈ నానుడి పనిచేయదు. జవాబు రాలేదన్న సంగతి తెలుస్తుంది, ఎందుకు రాలేదో తెలియదు.

ఇలా దూరంగా ఉంటూ పనిచేసే బృందాల మీద జరిగిన పరిశోధనల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది పరిశోధకురాలు క్యాథరిన్ క్రామ్టన్ 2001లో ప్రచురించిన అధ్యయనం. దూరదూరంగా ఉంటూ కలిసి పనిచేసిన 13 విద్యార్థి బృందాల సందేశాలను ఆమె విశ్లేషించారు. జవాబు రాకపోవడం వెనుక ఏమేమి ఉండవచ్చో అక్కడ తేలింది: ఒప్పుకోవడం, గట్టిగా వ్యతిరేకించడం, ఊళ్లో లేకపోవడం, కంప్యూటర్ మొరాయించడం, నొప్పించకుండా ఎలా చెప్పాలో తోచకపోవడం, అసలు తనను ఏదో అడిగారనే గమనించకపోవడం. ఇన్నిటికీ బయటికి కనిపించే రూపం ఒక్కటే. చిరునామాలో చిన్న తప్పు వల్ల ఒకరికి ఈమెయిళ్లు అందకపోతే, ఆ వ్యక్తికి ఏ సంగతి తెలియదో మిగతావారికి తట్టేది కాదు.

ఈ ఖాళీని మనసు ఖాళీగా ఉంచదు. పక్క బల్ల దగ్గరి మనిషి ఆలస్యం చేస్తే అతని ముందున్న కాగితాల గుట్ట చూసి సరిపెట్టుకుంటాం. కనిపించని మనిషి ఆలస్యం చేస్తే బద్ధకస్తుడని తేల్చేస్తాం. పరిస్థితిని వదిలి స్వభావాన్ని తప్పుపట్టే ఈ అలవాటు మనస్తత్వ శాస్త్రానికి కొత్తది కాదు, కానీ దూరం దానికి ఎరువవుతుంది. ఒకసారి ఆ ముద్ర పడ్డాక తర్వాతి సందేశంలో గొంతు మారుతుంది. ఆ మార్పు అవతలివారికి అకారణంగా కనిపిస్తుంది. ఎవరూ చెడ్డవారు కాకుండానే బృందం విరిగిపోవడం నన్ను ఎక్కువగా బాధించే విషయం.

దూరం అంటే ఖండాల మధ్య దూరమే కానక్కరలేదు. ఒకే సంస్థలో కూడా బల్లల మధ్య యాభై మీటర్లు దాటితే మాటలు బాగా పలచబడతాయని ఎంఐటీ ఆచార్యుడు థామస్ అలెన్ 1970లలోనే చూపించారు.

సాఫ్ట్‌వేర్ రంగంలో పరిశోధకులు జేమ్స్ హెర్బ్‌స్లెబ్, ఆడ్రిస్ మోకస్ ఈ దూరం వల్ల పని ఎంత ఆలస్యమవుతుందో కొలిచారు. వేర్వేరు ఊళ్లలోని కేంద్రాలు కలిసి సాఫ్ట్‌వేర్‌లో చేసిన మార్పులకు, ఒకేచోట జరిగిన అలాంటి మార్పులకన్నా దాదాపు రెండున్నర రెట్ల సమయం పట్టింది. అలాంటి పనిలో ఎక్కువమంది పాలుపంచుకోవలసి రావడం అందుకు ముఖ్య కారణంగా కనిపించింది. అదే పరిశోధనలోని మరో సంగతి ఇంకా లోతైనది: దూరంలో ఉన్న సహోద్యోగుల నుంచి తమకు సాయం తక్కువగా అందుతోందని ఉద్యోగులు చెప్పారు, తాము మాత్రం దగ్గరివారికీ దూరపువారికీ ఒకే తీరుగా సాయపడుతున్నామని అనుకున్నారు. రెండు వైపులా అదే మాట, అదే నమ్మకం.

అయితే చక్కగా నడిచే బృందాలూ ఉన్నాయి. పరిశోధకులు మార్తా మజ్నెవ్‌స్కీ, క్యాథరిన్ చుడోబా 2000లో మూడు అంతర్జాతీయ బృందాల గురించి రాస్తూ, పని సాఫీగా సాగినచోట ఒక లయ కనిపించిందన్నారు. నిర్ణీత వ్యవధుల్లో అందరూ ముఖాముఖి కలుసుకుని చిక్కు విషయాలు తేల్చుకునేవారు. మధ్యకాలంలో ఫోన్లు, సందేశాలు సరిపోయేవి. ఒకరి పని మరొకరిపై ఎంతగా ఆధారపడితే ఆ కలయికలు అంత తరచుగా కావాలి. పరస్పర అవగాహన, సంబంధాలు గట్టిపడేకొద్దీ వాటి మధ్య ఎడం పెరిగినా పని ఆగదు.