తోస్తే తెరుచుకునే తలుపు

పిల్లలూ,

మొన్న తిరుపతిలో సినిమా చూసొచ్చి, హాల్లో పక్క తలుపులకు అడ్డంగా ఆ ఇనప కడ్డీ ఎందుకుంటుంది తాతా అని అడిగారు కదా. నోటితో చెబితే సగంలోనే ఫోన్లు పట్టుకుంటారు, అందుకే రాస్తున్నా.

నేను చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మెకానిక్‌గా చేసినప్పటి మాట. తోతాపురి సీజన్లో రాత్రీ పగలూ పనే, ప్యాకింగ్ హాల్లో ఎక్కువమంది ఆడవాళ్లు. హాలుకు రెండు తలుపులు. వెనక తలుపు మీద ఎర్ర రంగుతో 'అత్యవసర ద్వారం' అని రాసి ఉండేది, దానికి ఎప్పుడూ బీగమే. డబ్బాలు పోతున్నాయని మేనేజర్‌కు అనుమానం. కొండ మీద వైకుంఠ ద్వారమైనా ఏడాదికోసారి తెరుస్తారు, మాది ఇన్‌స్పెక్షన్ రోజున తప్ప తెరిచిన పాపాన పోలేదు.

ఒక జూన్ రాత్రి ముందు తలుపు పక్కనున్న ప్యానెల్ బోర్డు కాలింది. మంట చిన్నదే, పొగే ఎక్కువ. కేబుళ్లు కాలిన పొగ నల్లగా పైకప్పును పట్టుకుని మెల్లగా మన తలల మీదికి దిగుతుంది, రెండుసార్లు పీలిస్తే చాలు, గొంతు పట్టేస్తుంది. కరెంటు పోయింది. అందరం వెనక తలుపు మీద పడ్డాం. బీగంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ రోడ్డవతల టీ అంగట్లో. పరిగెత్తుకొచ్చి బయటినుంచి బీగం తీశాడు పాపం, అయినా తలుపు రాలేదు! అది లోపలికి తెరుచుకునే తలుపు, దాన్ని ఆనుకుని వంద మంది, వెనకవాళ్లు తోస్తుంటే ముందువాళ్లు ఎక్కడికని జరుగుతారు? చివరికి పక్క గోడ రేకు ఊడబెరికి బయటపడ్డాం. ఒకామెకు చెయ్యి విరిగింది, అంతటితో గండం గడిచింది.

నమ్మకం కలగకపోతే ఇంట్లో చూడండి. గది తలుపుకు లోపలినుంచి ఇద్దరు ఆనుకుని నిలబడి, మూడోవాణ్ని దాన్ని లోపలికి లాగమనండి. మీ అవ్వ తిడితే నా పేరు చెప్పొద్దు.

దొంగతనం భయంతో తలుపుకు బీగం వెయ్యడం మా మేనేజర్ కనిపెట్టిందేమీ కాదు. న్యూయార్క్‌లో ట్రయాంగిల్ అనే బట్టల ఫ్యాక్టరీలో, పనివాళ్ల సంచులు ఒకేచోట వెతకొచ్చని రెండో తలుపుకు బీగం వేసేవాళ్లు. 1911 మార్చి 25న మంటలంటుకుంటే 146 మంది పోయారు, ఎక్కువమంది మీ అక్క వయసు పిల్లలే.

మీరడిగిన కడ్డీ కథ ఇంకా పాతది, అందులో పోయింది చిన్నపిల్లలు. 1883లో ఇంగ్లండ్‌లోని సండర్లాండ్‌లో ఒక ఆట చూడ్డానికి వచ్చిన పిల్లలు, కింద బహుమతులు పంచుతున్నారని మెట్ల మీదుగా ఒక్కసారిగా దిగారు. కింద తలుపు ఒక్కొక్కరే పట్టేంత సందు వదిలి గడియపెట్టి ఉంది. 183 మంది పిల్లలు అక్కడే నలిగిపోయారు. తోస్తే చాలు తెరుచుకునే కడ్డీ ఆ తర్వాత వచ్చిందే. చీకట్లో గడియ వెతకక్కర్లేదు, చెవి అక్కర్లేదు, ఒళ్లు గట్టిగా తగిలినా తెరుచుకుంటుంది.

మన దేశంలోనూ నేషనల్ బిల్డింగ్ కోడ్ ఇదే చెబుతుంది: బయటికి పోయే తలుపు కనీసం మీటరు వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు ఉండాలి, బయటికే తెరుచుకోవాలి, లోపలున్నవాళ్లకు చెవి అవసరం రాకూడదు. ఇక ఆ తలుపు ముందు అట్టపెట్టెలు పేర్చడం, బైకులు పెట్టడం గురించి మొదలుపెడితే నాకు బీపీ పెరుగుతుంది. పెద్దదానా, రేణిగుంటలో ఉద్యోగంలో చేరాక మొదటి రోజే టీ టైములో రెండో తలుపుదాకా నడిచెళ్లి తోసి చూడు, ఎవరైనా అడిగితే మా తాత చెప్పాడను.

తర్వాత మా ఫ్యాక్టరీలో ఆ తలుపు పీకేసి, బయటికి తెరుచుకునేది పెట్టి కడ్డీ బిగించారు. మరి డబ్బాల దొంగలో అంటారా, తలుపు తెరిస్తే హాలంతా బెల్లు మోగేట్టు వైరు లాగింది నేనే. నెల తిరక్కుండానే మోగింది. అందరం గేటు దగ్గరికి పరిగెత్తి చేరాక చూస్తే, బీడీ కాల్చుకుందామని ఆ తలుపు తోసింది మన వాచ్‌మనే.

మీ తాత