వాగు తినేది ఆకునే

"కలప కోసం చెట్లు నరికేది గట్టు మీద కదా, నీళ్లలో ఉన్న పురుగుకూ చేపకూ దానితో ఏం పని?" అని ఒక పాఠకుడు అడిగారు. నేల కోసుకుపోయి బురద నీటిలో చేరుతుందన్నది అందరికీ తెలిసిన జవాబే. నన్ను ఏళ్లుగా అబ్బురపరుస్తున్న జవాబు మాత్రం వేరు: అడవిలోని చిన్న వాగు తన తిండిని తాను పండించుకోదు. కొమ్మల గొడుగు కింద వెలుతురు చాలక అందులో నాచు పెరగడమే అంతంతమాత్రం. అమెరికాలో న్యూహాంప్‌షైర్ అడవిలోని బేర్ బ్రూక్ అనే వాగుకు ఫిషర్, లైకెన్స్ అనే శాస్త్రవేత్తలు వేసిన శక్తి లెక్క 1973లో అచ్చయింది. ఆ వాగుకు అందే శక్తిలో 99 శాతానికి పైగా బయటి నుంచే వస్తోందని అందులో తేలింది. ఆహార గొలుసు పచ్చని మొక్కతో మొదలవుతుందని బడిలో బొమ్మ గీసి చెబుతాం గానీ, ఆ మొక్క గట్టు మీద ఉండి, రాలిన ఆకుతో నీటిలోని ప్రాణులను పోషించగలదని చెప్పం.

నీటిలో పడ్డ ఆకులోంచి కరిగే పదార్థాలు ఒకటి రెండు రోజుల్లోనే చాలావరకు ఊరిపోతాయి. మిగిలిన సెల్యులోజ్, లిగ్నిన్ అనే గట్టి పదార్థాలు పురుగులకు కొరుకుడు పడవు. అప్పుడు శిలీంధ్రాలు, అంటే బూజులు, రంగంలోకి దిగుతాయి. ఇంగ్లండ్‌లో ఇంగోల్డ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1942లో వర్ణించిన ఈ నీటి బూజుల్లో చాలావాటి సిద్ధబీజాలకు పల్లేరుకాయ ముళ్లలా నాలుగు చేతులుంటాయి. పారే నీటిలో కొట్టుకుపోతూనే ఏవో మూడు చేతుల కొనలను ఆకుకు ఆనించి, ముక్కాలిపీటలా నిలిచి అతుక్కుంటాయి. వాగు మడుగుల్లో తేలే నురుగును చూసి ఎవరో సబ్బునీళ్లు కలిపారని అనుమానించేవారు, ఆ నురుగు బొట్టునొకదాన్ని సూక్ష్మదర్శిని కింద పెడితే ఈ నాలుగు చేతుల సిద్ధబీజాలు గుంపులుగా కనిపిస్తాయి. బూజు పట్టి మెత్తబడిన ఆకును స్టోన్‌ఫ్లై, కాడిస్‌ఫ్లై అనే రెక్కల పురుగుల లార్వాలు, అంటే నీటిలో పెరిగే వాటి పిల్లలు, ఈనెలు మాత్రం మిగిలేలా కొరికి తింటాయి. కొన్ని కాడిస్‌ఫ్లైలు ఆ ఆకు ముక్కలతోనే ఒంటి చుట్టూ గూడు కట్టుకుంటాయి. వాటి విసర్జనా, రాలిన తునకలూ దిగువన వల పన్ని కూర్చున్న మరో రకం లార్వాలకు తిండి.

ఈ ఆకును తప్పిస్తే ఏమవుతుందో అమెరికాలోనే నార్త్ కరోలినాలోని కోవీటా అడవిలో 1993 నుంచి పరీక్షించారు. ఒక్క చెట్టూ కొట్టకుండా, చిన్న వాగు మీద వల పరిచి ఆకు పడకుండా ఆపారు, గట్ల నుంచి దొర్లి రాకుండా పక్కలా కంచె కట్టారు. ఆకులు తినేవే కాక, వాటిని వేటాడే పురుగులూ క్షీణించాయి. బల్లిలా కనిపించే ఉభయచరమైన సాలమాండర్ పిల్లల ఎదుగుదల మందగించింది. మాస్ అనే చిన్న మొక్కలు కప్పిన బండల మీది జీవులకు మాత్రం పెద్దగా తేడా రాలేదు.

నరికివేతలో ఆకు పోవడంతో పాటు ఎండ కూడా వచ్చి పడుతుంది. నాచు విజృంభిస్తుంది, దాన్ని గీకి తినే మేఫ్లై అనే పురుగులు పెరుగుతాయి, కొన్నేళ్లు చేపలు బలిసినా బలుస్తాయి; ఆ కాలంలో చూసినవారు వాగుకు మేలే జరిగిందని పొరపడటంలో వింత లేదు. కానీ అమెరికా రాష్ట్రం ఆరెగాన్‌లోని నీడిల్ బ్రాంచ్ వాగు చుట్టూ 1966లో గట్టు దాకా నరికేశాక, నీటి గరిష్ఠ ఉష్ణోగ్రత 14 డిగ్రీల సెల్సియస్ నుంచి ఏడాదిలోనే సుమారు 29కి చేరింది. లీటరు నీటిలో 10 డిగ్రీల వద్ద 11 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ కరిగి ఉండగలదు, 30 డిగ్రీల వద్ద ఏడున్నరే. అక్కడి కట్‌త్రోట్ ట్రౌట్ చేపలు బాగా తగ్గిపోయాయి. గట్టు వెంట చెట్లను వదిలిన పక్క వాగు అంతగా వేడెక్కలేదు.

అడవి మళ్లీ మొలిస్తే అన్నీ సర్దుకుంటాయనుకోవడానికీ లేదు. ముందుగా లేచే చెట్ల ఆకులు చాలావరకు మెతకవి, త్వరగా కుళ్లిపోతాయి. ముదురు అడవిలోని గట్టి ఆకు నెలల తరబడి నిలిచి, మెతక ఆకు అయిపోయాక పురుగులను ఆదుకునేది. పైగా ఆ ఆకు నిలవాలంటే నీటికి అడ్డంగా పడిన మానులు కావాలి. కొత్త చెట్లు అంత లావెక్కి, చచ్చి, కూలడానికి అనేక దశాబ్దాలు పడుతుంది. పాత మానులు పుచ్చిపోయి, కొత్తవి ఇంకా కూలని ఆ నడిమి కాలంలో, ఆకు మునుపటిలాగే రాలుతుంది గానీ, బూజు పట్టేలోపే మొదటి వరదకు కొట్టుకుపోతుంది.