ఒకే జన్యువులు, జబ్బు ఒకరికే

పెళ్లి సంబంధం అనగానే అటేడు తరాలు, ఇటేడు తరాలు ఆరా తీస్తాం. అబ్బాయి మేనమామకి స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు రావడం వంటి లక్షణాలున్న మానసిక జబ్బు) అని తెలిస్తే చాలు, మాటలు అక్కడే ఆగిపోతాయి. ఆ భయానికి ఆధారం లేకపోలేదు, కానీ లెక్క చూడాలి. మామూలుగా ఈ జబ్బు వచ్చేది నూటికి ఒక్కరికి. మేనమామకి ఉంటే మేనల్లుడికి వచ్చే అవకాశం నూటికి మూడు నాలుగు. తల్లికో తండ్రికో ఉంటే సుమారు పది. అప్పుడు కూడా తొంభై మందికి రాదు.

పెంపకం వల్లే వస్తుందేమో అన్న అనుమానాన్ని 1966లో మానసిక వైద్యుడు లియోనార్డ్ హెస్టన్ తేల్చాడు. అమెరికాలోని ఒరెగాన్‌లో, జబ్బున్న తల్లులకు పుట్టి మూడు రోజుల్లోపే వేరే చోట పెరగడానికి వెళ్లిన 47 మందిని పెద్దయ్యాక పరీక్షించాడు. ఐదుగురికి జబ్బు ఉంది. జబ్బు లేని తల్లుల నుంచి అలాగే దూరమైన 50 మందిలో ఒక్కరికీ లేదు.

అలాగని జన్యువులే అంతా అనలేం. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి వస్తే, రెండోవారికి సగం సార్లు కూడా రాదు. మరి ఆ రెండోవారి జన్యువులు మంచివా? కావు. డెన్మార్క్ కవలలపై 1989లో వెలువడిన అధ్యయనంలో, జబ్బు రాని కవలకు పుట్టిన పిల్లలకూ, వచ్చిన కవలకు పుట్టిన పిల్లలకూ ముప్పు దాదాపు సమానంగానే తేలింది. ముప్పు ఒంట్లో ఉండి కూడా జబ్బుగా బయటపడకపోవచ్చన్నమాట.

'స్కిజోఫ్రీనియా జన్యువు' అంటూ ఒకటి లేదు. 76 వేలమందికి పైగా రోగుల డీఎన్‌ఏను పరిశీలించి 2022లో ప్రచురించిన అధ్యయనం, ముప్పుతో ముడిపడిన 287 చోట్లను గుర్తించింది. ఒక్కోదాని ప్రభావం చాలా స్వల్పం. అందుకే వేలు పోసి చేయించుకునే జన్యుపరీక్ష 'మీకు వస్తుంది' అనో 'రాదు' అనో చెప్పలేదు.

ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది: 22వ క్రోమోజోములో సుమారు 30 లక్షల డీఎన్‌ఏ అక్షరాల ముక్క లోపించడం. ఇలాంటివారిలో దాదాపు నలుగురిలో ఒకరికి స్కిజోఫ్రీనియా వస్తుంది. తమాషా ఏమిటంటే, పదింట తొమ్మిది కేసుల్లో ఈ లోపం తల్లిదండ్రులిద్దరిలోనూ ఉండదు, బిడ్డలోనే కొత్తగా ఏర్పడుతుంది. ఏడు తరాలు తవ్వినా దొరకదు! రోగికి పుట్టుకతో గుండె లోపమో, అంగిలి చీలికో, రక్తంలో తక్కువ కాల్షియమో ఉంటే దీన్ని అనుమానించాలి. మామూలు క్రోమోజోము పరీక్షకు ఇది తరచూ చిక్కదు, చిన్న చిన్న ముక్కల లోపాన్నీ పట్టే మైక్రోఅరే అనే డీఎన్‌ఏ పరీక్ష చేయించాలి. తెలుసుకుంటే చికిత్సే మారుతుంది. వీరికి స్కిజోఫ్రీనియాకు వాడే క్లోజపిన్ అనే మందుతో ఫిట్స్ వచ్చే అవకాశం ఎక్కువ. కాబట్టి డాక్టర్లు కాల్షియం సరిచేసి, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, నెమ్మదిగా పెంచుతారు.