అపోహలు - వాస్తవాలు: స్టీల్ ప్లాంట్ కేసు సెటిల్ అయితే రూల్ పోయినట్టేనా?

"కేసు సెటిల్ అయిపోయిందటగా, ఇక ఆ రూల్ లేనట్టే కదా?"

ఈ ప్రశ్న నన్ను రెండు రకాల మనుషులు అడుగుతారు. ప్లాంట్లలో పనిచేసే మన పిల్లలు కాస్త ఊరటగా అడుగుతారు. ప్లాంటుకు దగ్గర్లో ఇల్లు కొనుక్కున్నవాళ్లు బెంగగా అడుగుతారు. పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు గాలి కాలుష్యం పర్మిట్లు, రిపోర్టులు చూసుకోవడం నా వృత్తి. స్టీల్ ప్లాంట్ల గాలి కాలుష్యం రూల్ మీద కంపెనీలు వేసిన కేసు గురించి వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ వచ్చిందంటే ఆ వారమంతా నా ఫోన్‌కి తీరిక ఉండదు. విడివిడిగా అందరికీ చెప్పే ఓపిక అయిపోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: సెటిల్‌మెంట్ మీద సంతకాలు పడగానే రూల్ మారిపోతుంది.

మారదు. అక్షరం కూడా మారదు. మిగతా అపోహలతో వచ్చే నష్టమంతా ఒక ఎత్తు, దీనితో వచ్చేది ఒక ఎత్తు. కాబట్టి దీని దగ్గరే కాసేపు ఆగుతాను.

ముందు ఈ కేసు ఎవరు ఎవరి మీద వేశారో చూడండి. ఈపీఏ, అంటే అమెరికా పర్యావరణ సంస్థ, స్టీల్ ప్లాంట్లకు ఒక రూల్ తెస్తుంది. అది ఫెడరల్ రిజిస్టర్‌లో, అంటే ప్రభుత్వ గెజిట్‌లో, అచ్చయిన 60 రోజుల్లోపు కంపెనీలైనా, వాటి సంఘమైనా వాషింగ్టన్‌లోని డీసీ సర్క్యూట్ అనే అప్పీళ్ల కోర్టులో పిటిషన్ వేయాలి. "ఈ లిమిట్ మా ఫర్నేస్‌లో సాధ్యం కాదు", "ఈ టెస్టు ఇన్నిసార్లు చేయించడం దండగ", ఇలాంటి వాదనలు ఉంటాయి. ఇక్కడ ప్రతివాది ఈపీఏ. కంపెనీ తప్పు చేసిందని ఎవరూ అనడం లేదు. రూల్ తప్పని కంపెనీ అంటోంది.

కొన్నాళ్లకు రెండు వైపుల లాయర్లూ కూర్చుని మాట్లాడుకుంటారు. ఆ మాటల్లోంచి పుట్టే కాగితమే సెటిల్‌మెంట్. అందులో ఏముంటుందో చదివినవాళ్లు తక్కువ. సాధారణంగా ఇంతే ఉంటుంది: ఫలానా తేదీలోగా ఫలానా సెక్షన్‌కు సవరణ ప్రతిపాదిస్తామని ఈపీఏ ఒప్పుకుంటుంది. ఆ తర్వాత జనం కామెంట్లు చదివి తుది నిర్ణయం తీసుకుంటుంది. అప్పటిదాకా కేసును పక్కన పెట్టమని ఇద్దరూ కలిసి కోర్టును అడుగుతారు. తుది సవరణ అనుకున్నట్టే వస్తే కంపెనీ కేసు వెనక్కి తీసుకుంటుంది. రాకపోతే మళ్లీ కోర్టులో వాదించుకుంటుంది. తుది నిర్ణయం ఇలాగే ఉంటుందని ఈపీఏ ముందే మాట ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా. కామెంట్లు చదవకముందే తీర్పు రాసేసుకుంటే ఆ సవరణ రేపు కోర్టులో నిలబడదు.

ఒక పాత ఉదాహరణ చెబుతాను. బ్లాస్ట్ ఫర్నేస్ (ఖనిజం నుంచి ఇనుము కరిగించే కొలిమి) ఉన్న స్టీల్ ప్లాంట్లకు విష కాలుష్యాల రూల్ 2003 మే 20న వచ్చింది. ఖనిజం పొడిని గడ్డలుగా చేసే సింటర్ ప్లాంటు, బ్లాస్ట్ ఫర్నేస్, ఇనుమును ఉక్కుగా మార్చే బేసిక్ ఆక్సిజన్ ఫర్నేస్ షాపు, మూడూ అందులో ఉన్నాయి. పరిశ్రమ దాన్ని కోర్టులో సవాలు చేసింది. సవరణల ప్రతిపాదన 2005లో వచ్చింది. టెస్టులు ఎన్నిసార్లు చేయాలన్నది కొంత సడలించి, పాటించడానికి ఒక కొత్త ఆప్షన్ ఇచ్చి, కొన్ని లిమిట్లు మార్చి తుది సవరణ అచ్చయ్యేసరికి 2006 జులై 13. పాత ప్లాంట్లన్నీ రూల్ పాటించి తీరాల్సిన గడువు ఎప్పుడో తెలుసా? 2006 మే 22. అంటే సవరణ చేతికి రాకముందే గడువు దాటింది. "ఎలాగూ మారుతుందిలే" అని మూడేళ్లు బ్యాగ్‌హౌస్ (దుమ్మును వడగట్టే యంత్రం) ఆర్డర్ పెట్టకుండా కూర్చున్న ప్లాంటు ఏదైనా ఉంటే, ఆ మే నెలలో దాని పరిస్థితి ఊహించుకోండి.

ఇది పాత కథ అనుకోకండి. కొన్నేళ్ల కిందట మన గుంటూరు కుర్రాడొకడు ఒక ప్లాంటులో పర్యావరణ విభాగంలో చేరాడు. ప్లాంటు పేరు చెప్పను. ఓ రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "అన్నా, మా మేనేజర్ కాస్ట్‌హౌస్ రీడింగులు ఈ క్వార్టర్‌కి వద్దంటున్నాడు. సెటిల్‌మెంట్ రాబోతోందట, ఆ లిమిట్ ఎలాగూ పోతుందట. ఏం చేయను?"

ఆ రీడింగులు ఏమిటో తెలియనివాళ్లకు కొంచెం చెబుతాను. బ్లాస్ట్ ఫర్నేస్‌లోంచి కరిగిన ఇనుము వదిలేటప్పుడు కాస్ట్‌హౌస్, అంటే ఫర్నేస్ చుట్టూ ఉండే షెడ్డు, పైకప్పులోంచి పొగ బయటకు వస్తుంది. పాత ఫర్నేస్ అయితే ఆ పొగ చిక్కదనం ఆరు నిమిషాల సగటున 20 శాతం దాటకూడదు. దాన్ని కొలిచేది మిషన్ కాదు, మనిషి కన్నే. ఎండ వీపు వెనక ఉండేలా నిలబడాలి. 15 సెకన్లకోసారి పొగవైపు ఒక్క క్షణం చూసి, 5, 10, 15 ఇలా అంకె రాసుకోవాలి. అలా 24 అంకెలు రాస్తే ఒక సగటు. చూపు పెట్టి కూర్చోకూడదు, కన్ను మోసపోతుంది. ఈ పని చేసేవాళ్లు ఆరు నెలలకోసారి పరీక్ష పాసవ్వాలి. దాన్ని మేం స్మోక్ స్కూల్ అంటాం. ఖాళీ మైదానంలో ఒక పొగగొట్టం పెట్టి 25 నల్ల పొగలు, 25 తెల్ల పొగలు వదులుతారు. ఏ ఒక్క అంకెలోనూ 15 శాతానికి మించి తేడా రాకూడదు, సగటు తేడా 7.5 దాటకూడదు. మబ్బు పట్టిన రోజు తెల్ల పొగ చూడాలంటే నాకు ఇప్పటికీ చిరాకే. ఆకాశమూ తెలుపే, పొగా తెలుపే.

సరే, ఆ కుర్రాడి సంగతి. వాడికి రెండే ప్రశ్నలు వేశాను. ఫెడరల్ రిజిస్టర్‌లో తుది సవరణ వచ్చిందా? రాలేదు. కోర్టు స్టే ఇచ్చిందా? ఇవ్వలేదు. "అయితే రేపు పొద్దున్నే బూట్లు వేసుకుని కాస్ట్‌హౌస్ దగ్గరికి వెళ్లు" అన్నాను. ఎందుకంటే ఆరు నెలలకోసారి పంపే రిపోర్టులో చేయని రీడింగు ఉల్లంఘన కిందే లెక్క. ఏటా పంపే పర్మిట్ సర్టిఫికేషన్ మీద ప్లాంటు పెద్ద సంతకం పెడతాడు, అందులో తెలిసి అబద్ధం రాస్తే అది క్రిమినల్ నేరం. జరిమానా పరిమితి రోజుకు, ఒక్కో ఉల్లంఘనకు, లక్ష డాలర్ల పైమాటే. పైగా ఆ రిపోర్టులు చూసి చుట్టుపక్కల జనమే కేసు వేయొచ్చు. రేపు రాబోయే సవరణ నిన్న చేయని రీడింగును కాపాడదు. మేనేజర్‌కి ఇదంతా ఈమెయిల్‌లో మర్యాదగా రాసి పెట్టుకోమన్నాను. మాటల్లో చెప్పినవి తర్వాత ఎవరికీ గుర్తుండవు.

ఇదే అపోహతో రెండో వైపువాళ్లకు, అంటే ప్లాంటు దగ్గర ఇల్లున్నవాళ్లకు, జరిగే నష్టం కంటికి కనిపించదు. సెటిల్ అయిపోయిందనుకుని వాళ్లు చేతులు దులుపుకుంటారు. నిజానికి అసలు తలుపు తెరుచుకునేదే అప్పుడు. క్లీన్ ఎయిర్ యాక్ట్ సెక్షన్ 113(జి) ప్రకారం ఇలాంటి ఒప్పందం ఖరారయ్యే ముందు ఫెడరల్ రిజిస్టర్‌లో నోటీసు ఇవ్వాలి. కేసులో లేనివాళ్లు రాతపూర్వకంగా కామెంట్ పెట్టడానికి అవకాశం ఇవ్వాలి, 30 రోజులు. ఆ కామెంట్లలో ఒప్పందం సరికాదనో, చాలదనో, చట్టానికి విరుద్ధమనో తేలితే ప్రభుత్వం వెనక్కి తగ్గొచ్చు. అది అయ్యాక సవరణ ప్రతిపాదనకు మళ్లీ వేరే కామెంట్ల గడువు. తుది సవరణ వచ్చాక దాన్ని సవాలు చేయడానికి ఇంకో 60 రోజులు. ఇన్ని మెట్లుంటే, మొదటి మెట్టు దగ్గరే "అయిపోయింది" అని ఇంటికి వెళ్లిపోతే ఎలా?

పెన్ హిల్స్‌లో మన వెంకటేశ్వరస్వామి గుడి క్యాంటీన్‌లో ఒకావిడ నా పక్కన కూర్చున్నారు. నేను ఏం పని చేస్తానో ఎవరో చెప్పారట. పులిహోర ప్లేటు అలాగే ఉంది, ఆవిడ మాత్రం ఫోన్‌లో అబ్బాయి ఇన్‌హేలర్ లెక్కలు చూపిస్తున్నారు. ఏ రోజు ఎన్నిసార్లు, ఆ రోజు వాసన ఉందా లేదా, అంతా రాసి పెట్టుకున్నారు. మాన్ వ్యాలీలో, అంటే ఇక్కడి ప్లాంట్లున్న మొనాంగహీలా నది లోయలో, చల్లటి పొద్దుటి పూట గాలి పైకి లేవదు, పొగ లోయలోనే మూత పెట్టినట్టు ఉండిపోతుంది. ఆవిడ లెక్కల్లో చెడ్డ రోజులన్నీ అలాంటి ఉదయాలే. "ఇల్లు అమ్మేయమంటారా అన్నయ్యగారూ? కేసు కూడా సెటిల్ చేసేసుకున్నారట" అన్నారు. ఇల్లు అమ్మాలో వద్దో చెప్పడానికి నేనెవరిని? అబ్బాయి సంగతి డాక్టరు చూసుకోవాలి. కానీ ఆ ఫోన్‌లో ఉన్నది ఎంత విలువైనదో ఆవిడకు తెలియదు. "ఈ రూల్ చాలా ముఖ్యం, దయచేసి మార్చకండి" అని వెయ్యి మంది ఒకే కాపీ పంపినదానికంటే, తేదీలతో, టైములతో, ఇంటి నుంచి ప్లాంటు ఎంత దూరమో రాసిన ఒక్క పేజీకి బలం ఎక్కువ. ముఖ్యమైన కామెంట్లకు ఈపీఏ జవాబు రాయాలి. రాయకపోతే రేపు కోర్టులో అదే వాళ్ల మెడకు చుట్టుకుంటుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: సెటిల్‌మెంట్ అంటే కంపెనీ డబ్బు కట్టి బయటపడటం. అది వేరే రకం కేసు. రూల్‌ను ఉల్లంఘించినందుకు కంపెనీ మీద వేసే కేసులో జరిమానాలుంటాయి. 2018 డిసెంబరు 24న పిట్స్‌బర్గ్ దగ్గరి క్లెయిర్టన్ కోక్ ప్లాంటులో (బొగ్గును స్టీల్ కోసం కోక్‌గా మార్చే చోటు) అగ్నిప్రమాదం జరిగింది. ఆ తర్వాత నడిచిన కేసు 2024లో 50 లక్షల డాలర్ల జరిమానా, ప్లాంటు మరమ్మతులకు కోటీ 95 లక్షల డాలర్ల ఖర్చుతో సెటిల్ అయింది. ఇక్కడ కంపెనీ ప్రతివాది. రూల్ మీద కేసులో కంపెనీ జరిమానా కట్టే ప్రశ్నే లేదు. ఈ రెంటినీ కలిపేసి "డబ్బులిచ్చి రూల్ మార్పించారు" అని ఫార్వర్డ్ చేసేవాళ్లకు నా దండం.

అపోహ: కేసు వేస్తే చాలు, రూల్ ఆగుతుంది. ఆగదు. కోర్టు విడిగా స్టే ఇవ్వాలి. ఇచ్చిన సందర్భాలు లేకపోలేదు. ఒక రాష్ట్రం పొగ పక్క రాష్ట్రాలకు పోకుండా ఈపీఏ తెచ్చిన, స్టీల్ మిల్లుల్లో ఉక్కును మళ్లీ వేడిచేసే రీహీట్ ఫర్నేసులను కూడా కలుపుకున్న గుడ్ నైబర్ ప్లాన్‌ను 2024 జూన్ 27న సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆపింది. అక్కడ ఆదేశం కాగితం మీద ఉంది. మీ దగ్గర అలాంటి కాగితం లేకపోతే స్టే లేనట్టే.

అపోహ: 2024 రూల్ రద్దయింది. ఇప్పుడు తిరుగుతున్న ఫార్వర్డ్ ఇదే. 2024 ఏప్రిల్ 3న వచ్చిన సవరణలు అంతవరకు లిమిట్ లేని లీకులకు కూడా లిమిట్లు పెట్టాయి: ఫర్నేస్ పైన ఒత్తిడి వదిలే బ్లీడర్ వాల్వులు తెరుచుకోవడం, బెల్ (ఫర్నేస్ పైమూత) లీకులు, కరిగిన ఇనుమును నేలమీద పోసెయ్యడం, స్లాగ్ (ఇనుము నుంచి వేరైన మడ్డి) పని. ప్లాంటు సరిహద్దులో క్రోమియం కొలవాలని కూడా చెప్పాయి. దేశం మొత్తం మీద ఎనిమిది ప్లాంట్లకు వర్తించే రూల్ ఇది. కంపెనీలు కోర్టుకెళ్లాయి. 2025 జులైలో ఈపీఏ ఆ కొత్త షరతుల గడువును 2027 ఏప్రిల్ 3కి జరిపింది. ముందు అమలు, తర్వాత కామెంట్లు అనే పద్ధతిలో జరిపింది, అది నాకు నచ్చలేదు, కానీ అదీ ఫెడరల్ రిజిస్టర్‌లో అచ్చయిన రూలే. గడువు జరగడం వేరు, రద్దు వేరు. 2003, 2006 నాటి పాత లిమిట్లు ఎక్కడికీ పోలేదు. కాస్ట్‌హౌస్ మీద 20 శాతం అలాగే ఉంది.

అపోహ: ఇదంతా చీకటి ఒప్పందం. ఈ అనుమానం పూర్తిగా గాలిలోంచి పుట్టలేదు. అది రాజకీయ పార్టీలను బట్టి అటూ ఇటూ తిరుగుతుంటుంది. పర్యావరణ సంఘాలతో సెటిల్‌మెంట్లు ఎక్కువయ్యాయని 2017 అక్టోబరులో అప్పటి ఈపీఏ అధిపతి స్కాట్ ప్రూయిట్ వాటి మీద ఆంక్షలు పెట్టారు, 2022లో ఆ ఆదేశాన్ని తీసేశారు. లాయర్లు మాట్లాడుకునేది గది లోపలే, నిజమే. కానీ తేలిన ఒప్పందం డాకెట్‌లో, అంటే అందరూ చూడగల ఫైల్‌లో, పెట్టాల్సిందే. చదవనివాళ్లకు అది ఎప్పుడూ చీకటే.

అపోహ: హెచ్-1బీ మీద ఉన్నాం, మనం కామెంట్ పెట్టకూడదు. ఇది అడిగేవాళ్ల మీద నాకు కోపం రాదు. వీసా టెన్షన్ ఏమిటో నాకూ తెలుసు. కామెంట్ పెట్టడానికి పౌరసత్వం కావాలని ఏ చట్టంలోనూ లేదు. ప్రభుత్వం కామెంట్లు తీసుకునే రెగ్యులేషన్స్ డాట్ గవ్ సైట్‌లో పేరు లేకుండా కూడా పెట్టొచ్చు. మీరు రాసింది అందరికీ కనిపిస్తుంది కాబట్టి ఫోన్ నంబరు, పిల్లల మెడికల్ కాగితాలు అందులో పెట్టకండి. ఆ ప్లాంటులోనే ఉద్యోగం చేస్తుంటే మాత్రం ముందు మీ కంపెనీ పాలసీ చదువుకోండి. లాయరు అక్కర్లేదు, గొప్ప ఇంగ్లీషూ అక్కర్లేదు. నోటీసులో ఉన్న డాకెట్ నంబరు పైన రాసి, ఒప్పందంలో ఏ పేరా గురించి మాట్లాడుతున్నారో చెప్పి, మీరు చూసింది రాయండి. చివరి రోజు దాకా ఆగకండి. గడువు లెక్క తూర్పు తీరపు టైములో ఉంటుంది, కాలిఫోర్నియాలో కూర్చుని రాత్రి పదింటికి పంపితే ఇక్కడ అప్పటికే తేదీ మారిపోయి ఉంటుంది.