ఆడిట్ అభ్యంతరం వస్తే డబ్బు తినేసినట్టేనా? పంచాయతీ లెక్కల మీద అపోహలు, వాస్తవాలు

పంచాయతీ ఆడిట్ నివేదిక కాపీ ఊళ్లో ఒక్కరి ఫోన్లో పడితే చాలు, సాయంత్రానికి వాట్సాప్ గ్రూపుల నిండా 'ఇన్ని లక్షల కుంభకోణం' అని తిరుగుతుంది. పేరాల్లో ఏముందో ఎవరూ చదవరు. చివర ఉన్న మొత్తం చూసి తీర్పు చెప్పేస్తారు. నేను ఆడిట్ శాఖలో ఉంటూ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పంచాయతీ లెక్కలు చూస్తుంటాను కాబట్టి ఆ రోజుల్లో ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఊరివాళ్లు "ఎంత తినీసినాడు బాబూ?" అంటారు. కార్యదర్శులు "సార్, సస్పెన్షనేనా?" అంటారు. ఒకరిది కోపం, ఇంకొకరిది భయం. రెండూ పుట్టింది ఒకే పొరపాటు నుంచి.

అపోహ: అభ్యంతరం వచ్చిందంటే అవినీతి రుజువైనట్టే

కానే కాదు. 'ఈ ఖర్చుకు ఆధారం మాకు కనబడలేదు, చూపించండి' అని అడగడమే అభ్యంతరం. ఆడిట్ పార్టీ క్యాష్ బుక్ ముందు పెట్టుకుని ఓచర్లు, ఎం-బుక్కులు (పనుల కొలతలు రాసే పుస్తకాలు), రసీదు పుస్తకాలు, తీర్మానాల పుస్తకం, బ్యాంకు, ట్రెజరీ స్టేట్‌మెంట్లతో ఒక్కో పద్దునూ సరిచూస్తుంది. పొంతన కుదరని చోట హాఫ్ మార్జిన్ ఇస్తాం. కాగితంలో ఒక సగం మా ప్రశ్న, రెండో సగం ఖాళీ. ఆ ఖాళీ కార్యదర్శి జవాబు రాయడానికే ఉంది. కాగితం తెచ్చి చూపిస్తే అక్కడికక్కడే తీరిపోతుంది. అప్పటికీ తీరనిది నివేదికలో పేరా అవుతుంది. పేరా అయ్యాక కూడా జవాబు, దానికి ఆధారాలు పంపి డ్రాప్ చేయించుకోవచ్చు. పంచాయతీకి నిజంగా నష్టం జరిగిందనో, చట్టవిరుద్ధంగా చెల్లింపు జరిగిందనో తేలితే అప్పుడు సర్‌ఛార్జి, అంటే ఆ సొమ్మును బాధ్యుల నుంచి రాబట్టడం. అది కూడా 1989 నాటి రాష్ట్ర ఆడిట్ చట్టం ప్రకారం నోటీసు ఇచ్చి, సంజాయిషీ విన్నాకే.

దాదాపు ప్రతి ఊళ్లోనూ వచ్చే పేరా ఒకటి చెప్తాను. మీరు కట్టే ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. వెయ్యి రూపాయల పన్నుకి 80 రూపాయలన్నమాట. అది పంచాయతీ సొమ్ము కాదు, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. చాలా పంచాయతీలు జమ చేయవు. పారిశుధ్య కార్మికుల జీతాలకు డబ్బు చాలక అందులోంచే ఇచ్చేస్తుంటాయి. దాని మీద మేం పేరా రాస్తాం, రాయాలి కూడా. కానీ ఆ డబ్బు ఎవరి జేబులోకీ పోలేదు. గ్రూపులో మాత్రం 'లైబ్రరీ సొమ్ము స్వాహా' అయిపోతుంది.

తిత్లీ తుఫాను సంగతి మరీ బాధగా ఉంటుంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కరెంటు లేక తాగునీటి మోటార్లు ఆగిపోయాయి. అప్పటికి సర్పంచులు కూడా లేరు. ఆ ఆగస్టులోనే వాళ్ల గడువు ముగిసి ప్రత్యేకాధికారుల పాలన నడుస్తోంది. జనరేటర్లు అద్దెకు తెచ్చి నీళ్లు ఎక్కించినవాళ్లు, జేసీబీలు పెట్టి చెట్లు తీయించినవాళ్లు కొటేషన్లు పిలుస్తూ కూర్చుంటే జనం గొంతు తడిసేది కాదు. అలాంటి ఖర్చుకూ దారి ఉంది. ఏ పరిస్థితిలో పెట్టాల్సి వచ్చిందో ఫైల్లో రాసి, కొలతలు, మస్టరు (కూలీల హాజరు పట్టీ), బిల్లు జతచేసి, పై అధికారి అనుమతి తర్వాతైనా తీసుకోవాలి. పని చేశారు గానీ ఆ రెండు పేజీలు రాయలేదు. తర్వాత ఆడిట్‌కి వెళ్లినవాళ్లకు ఖర్చు కనిపిస్తుంది, కాగితం కనిపించదు. పేరా పడుతుంది. రాత్రనక పగలనక తిరిగినవాళ్ల మీద మచ్చ పడుతుంది.

అన్నీ అమాయకమైనవే అని నేననను. రసీదు పుస్తకంలో వసూలు ఉండి క్యాష్ బుక్కులో జమ లేకపోతే, ఒకే పనికి రెండుసార్లు బిల్లు అయితే, అది తినడమే. దాన్ని దుర్వినియోగం శీర్షిక కిందే రాస్తాం. నిధుల మళ్లింపు, రికార్డు చూపనివి, జమ చేయనివి, సర్దుబాటు కాని అడ్వాన్సులు వేర్వేరుగా ఉంటాయి. నివేదిక చేతికొస్తే ముందు ఆ శీర్షికలు చూడండి. అన్నింటినీ కలిపి కుంభకోణం అని కేకలేస్తే, ఆ గోలలో అసలు దొంగలెక్క తప్పించుకుంటుంది. పుకార్లు పుట్టించేవాళ్ల మీద నా కోపం అందుకే.

దీనికంటే ఖరీదైన నష్టం ఇంకోటుంది. అభ్యంతరమంటే నేరమే అనుకున్న కార్యదర్శి జవాబు రాయడు. రాస్తే ఒప్పుకున్నట్టు అవుతుందని భయం. బదిలీ అయితే గండం గడిచిందనుకుంటాడు. పేరా అలాగే ఉండిపోతుంది. విజయనగరం జిల్లాలో ఒక కార్యదర్శి గారు రిటైరయ్యాక మా ఆఫీసుకి వచ్చారు. ఎప్పుడో ఉద్యోగం తొలినాళ్లలో చేసిన పంచాయతీలో, మోటారు రిపేరు ఓచర్లు చూపలేదని ఉన్న పేరా వల్ల బకాయిల్లేవనే నో డ్యూస్ కాగితం రాలేదు, గ్రాట్యుటీ ఆగిపోయింది. కూతురి పెళ్లి దగ్గర పడింది. మనిషి కుర్చీలో సరిగ్గా కూర్చోలేకపోయారు. ఆ ఓచర్లు పోలేదు. పాత పంచాయతీ ఆఫీసు బీరువాలో, వేరే ఏడాది కట్టలో కలిసిపోయి ఉన్నాయి. వెతికించి తెచ్చి చూపిస్తే పేరా డ్రాప్ అయింది. "అప్పుడే వెతికుంటే సరిపోయేది కదండీ" అన్నాను. "అడిగితే దొంగననుకుంటారేమోనని భయం బాబూ" అన్నారు. ఇన్నేళ్ల టెన్షన్‌కి కారణం అంతే.

అందుకే సర్పంచులకు, కార్యదర్శులకు చేతులు జోడించి చెప్తున్నాను. జవాబు రాయండి. కాగితం లేకపోతే లేదనే రాయండి. ఉన్న ఆధారం, అంటే తీర్మానం నకలో, బ్యాంకు ఎంట్రీయో, ఎం-బుక్ పేజీయో జతచేయండి. మౌనంగా ఉంటే మీ తరఫున మాట్లాడేది ఒక్క కాగితమూ ఉండదు.

అపోహ: రోడ్డు కళ్లముందే ఉంది కదా, ఇంకా అభ్యంతరమేమిటి?

రోడ్డు బాగానే ఉండొచ్చు. డబ్బు ఏ పద్దులోదన్నది ప్రశ్న. 15వ ఆర్థిక సంఘం 2021-26 నిధుల్లో 60 శాతం టైడ్, అంటే తాగునీటికి, పారిశుధ్యానికి మాత్రమే. దాన్ని సిమెంటు రోడ్డుకి పెడితే మళ్లింపే. కిడ్నీ జబ్బులతో అల్లాడే ఉద్దానం లాంటి చోట నీటి డబ్బు నీటికే పోవాలని గట్టిగా అడగడం తప్పెలా అవుతుంది?

అపోహ: మార్చి 31లోగా ఖర్చు పెట్టకపోతే డబ్బు వెనక్కి పోతుంది

పంచాయతీ సాధారణ నిధికి ఇది వర్తించదు. మిగిలింది ఏప్రిల్ 1న ప్రారంభ నిల్వగా వస్తుంది. మార్చి ఆఖరి వారంలో హడావిడిగా పెట్టిన బిల్లులే తర్వాత ఎక్కువ పేరాలవుతాయి. స్కీముల నిధులకు మాత్రం వాటి మార్గదర్శకాలు చూసుకోవాలి.

అపోహ: ఖాతాలో మిగులుంటే పంచాయతీ బాగా నడిచినట్టు

అందులో ఖర్చు కాని టైడ్ నిధులెన్ని, జమ చేయాల్సిన గ్రంథాలయ పన్నెంత, కట్టని కరెంటు బిల్లెంత అన్నవి తీసేసి చూడండి. పనితీరు తెలియాలంటే డీసీబీ చూడాలి. డిమాండు ఎంత, వసూలెంత, పాత బకాయిలో ఎంత కదిలింది. ఇంటి పన్ను రాబట్టలేని పంచాయతీ ఖాతాలో గ్రాంటు ఎంత ఉన్నా అది దాని సొంత బలం కాదు.

అపోహ: ఈ లెక్కలు మనకు చూపించరు

చూపించాలి. వార్షిక లెక్కలు, ఆడిట్ నివేదిక గ్రామసభ ముందు పెట్టాలని 1994 పంచాయతీరాజ్ చట్టమే చెప్తోంది. చెల్లింపులు ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో కనబడతాయి. సమాచార హక్కు కింద అడిగితే 30 రోజుల్లో ఇవ్వాలి, మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దరఖాస్తు ఫీజు కూడా లేదు. అడిగేటప్పుడు పేరా ఒక్కటే కాకుండా దానికి పంచాయతీ ఇచ్చిన జవాబు కూడా అడగండి. ఉపాధి హామీ పనుల లెక్క మాత్రం సామాజిక తనిఖీలో చూస్తారు, మా నివేదికలో వెతకొద్దు.

అపోహ: పదవి దిగిపోతే ఆడిట్‌తో మనకేం పని?

ఆ ఏడాది సంతకం ఎవరిదో బాధ్యత వాళ్లదే, అభ్యంతరం పదవి దిగాక వచ్చినా. ఒక మహిళా సర్పంచి గారు "నన్ను జైలుకి అట్టుకెళ్లిపోతారా బాబూ?" అని ఏడ్చినంత పని చేశారు. ఆమె మీద ఉన్నది రెండు ఓచర్ల పేరా, అంతే. కార్యదర్శి మారినప్పుడు ఛార్జి లిస్టు, అంటే రికార్డులు అప్పజెప్పిన జాబితా, ఆమెకు ఎవరూ చూపించలేదు. కాబట్టి ఛార్జి ఇచ్చేటప్పుడు ఏ రిజిస్టరు, ఏ ఓచర్ల కట్ట, ఎన్ని రసీదు పుస్తకాలు అప్పజెప్పారో లిస్టు రాయించండి. తీసుకున్నవారి సంతకం, తేదీ వేయించండి. ఒక కాపీ ఇంట్లో పెట్టుకోండి. జవాబు తీరని పేరాలు ఏమైనా ఉంటే వాటి నంబర్లు కూడా ఆ లిస్టులోనే రాయించండి.