ఙకూ నకూ మధ్య

‘మా అబ్బాయి ఇంగ్లీషు సినిమాలు చూసి వాకింగ్‌ను వాకిన్ అంటున్నాడు, తప్పు కదా?’ అని ఒక తల్లి అడిగారు. ఆ ఒక్క శబ్దం మీద నాకు ఏళ్లుగా మోజు.

‘వాకిన్’ అనేవాళ్లు చివరి ‘గ’ను మింగేస్తారని బడిలో చెబుతారు. నిజానికి ఇంగ్లండులో ఎక్కువమంది పలుకుబడిలో అక్కడ ‘గ’ లేనే లేదు. ఉన్నది మన ‘ఙ’. పిల్లలు వల్లె వేసి, ఆ తరువాత మాటల్లో ఎక్కడా విడిగా చూడని అక్షరం! ‘గంగ’ అంటూ సున్నా దగ్గర ఆగి చూడండి. నాలుక వెనుక భాగం అంగిలికి ఆని, గాలి ముక్కులోంచి పోతుంది. అదే ఙ. నాలుక కొనను పైచిగురుకు ఆనిస్తే న. మారింది నాలుక ఆనే చోటే, రాలిపోయింది ఏమీ లేదు. పాత ఇంగ్లీషులో ‘నడుస్తూ’ అనడానికి ఒక ప్రత్యయం, ‘నడవడం’ అనడానికి మరొకటి ఉండేవి. నేటి ‘ఇన్’ ఆ మొదటిదాని వారసత్వమని చాలామంది భాషా చరిత్రకారులు భావిస్తారు. దాన్ని బద్ధకం అనడం అన్యాయం. నూరేళ్ల కిందట ఇంగ్లండు జమీందార్లు కూడా కూలివాడిలాగే ‘హంటిన్, షూటిన్, ఫిషిన్’ అనేవారు.

అమెరికాలోని న్యూ ఇంగ్లండు ప్రాంతంలో 24 మంది పిల్లల మాటలను పరిశీలించిన జాన్ ఫిషర్ అనే పరిశోధకుడు 1958లో ఆ ఫలితాలు ప్రచురించాడు. ఙ వైపు ఎక్కువగా మొగ్గినవారు 12 మంది ఆడపిల్లల్లో పదిమంది, 12 మంది మగపిల్లల్లో అయిదుగురు. బుద్ధిమంతుడని పేరున్న పిల్లవాడు దాదాపు ఎప్పుడూ ఙ పలికాడు. అల్లరివాడి నోట సగానికి పైగా న. ఇంకా ముచ్చటైన సంగతి, చదవడం, విమర్శించడం వంటి మాటలకు ఙ వచ్చింది, గుద్దడం, నమలడం, ఈదడం వంటివాటికి న వచ్చింది!

పదేళ్ల తరువాత భాషావేత్త పీటర్ ట్రడ్‌గిల్ ఇంగ్లండులోని తన సొంత ఊరు నార్విచ్‌లో 60 మందిని రికార్డు చేశాడు. మామూలు కబుర్లలో అట్టడుగు కార్మికుల పలుకులో న నూటికి నూరు, నడిమి మధ్యతరగతిలో 28 శాతం. దాదాపు ప్రతి తరగతిలోనూ మగవాళ్లే న ఎక్కువగా పలికారు.

ఆయన అంతటితో ఆగలేదు. చెవి అనే అర్థంలోని ‘ఇయర్’ను ఆ ఊరి యాసలో ‘ఎయర్’ అన్నట్టు పలుకుతారు. రెండూ వినిపించి, మీరు ఎలా పలుకుతారని అడిగి, జవాబును టేపుతో పోల్చాడు. మూడింట రెండు వంతుల ఆడవాళ్లు తమ పలుకుబడి ఉన్నదానికన్నా నాగరికమని చెప్పారు. సగం మంది మగవాళ్లు తమది ఉన్నదానికన్నా మోటు అన్నారు. శ్రమజీవి యాసలో మగతనం ఉందని పైకి అనరు, లోలోపల మెచ్చుకుంటారు. దీన్ని మనం ‘చాటు గౌరవం’ అనుకోవచ్చు.

మగవాణ్ణి చేసే పనిని బట్టి, ఆడదాన్ని కనిపించే తీరును బట్టి లోకం అంచనా వేస్తుంది కనుకే ఆడవాళ్లు నాగరికం వైపు మొగ్గారని ట్రడ్‌గిల్ ఊహ. నాకు అది సగమే అనిపిస్తుంది. దుకాణంలో, ఆఫీసులో రోజంతా కొత్తవాళ్లతో మర్యాదగా మాట్లాడితేనే జీతం దొరికే పనులు ఎక్కువగా ఎవరి చేతికి వచ్చాయో కూడా లెక్కలోకి తీసుకోవాలి.