రాజ్యాంగ సవరణ మీద వ్యాసం: ఏటా నేను దిద్దే అపోహలు

నవంబరు వచ్చిందంటే మా ఇంటి వరండాలో చెప్పులు పెట్టుకోడానికి చోటుండదు. 26న రాజ్యాంగ దినోత్సవం, ఆపైన జనవరి 25న ఓటర్ల దినోత్సవం. రెండింటికీ బళ్లలో వ్యాసరచన పోటీలు. పదిహేడేళ్లుగా సాంఘిక శాస్త్రం చెబుతున్నాను కాబట్టి విశాఖలో పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ వైపు తల్లులకు నేను గుర్తొస్తాను. "మేడం, ఏదో ఒక సవరణ మీద మంచి వ్యాసం రాసిచ్చేయండి, మావాడు బట్టీ పట్టేస్తాడు" అంటారు. రాసివ్వను. వాళ్లు రాసుకొస్తే దిద్దుతాను. దిద్దే తప్పులు మాత్రం ఏటా దాదాపు అవే.

అపోహ: ఫోన్లో వెతికితే అంతా దొరికేస్తుంది.

దొరుకుతుంది, కాకపోతే ఏ దేశానిదన్నది చూసుకోవాలి. ఒక తొమ్మిదో తరగతి కుర్రాడు "మొదటి సవరణ మనకు వాక్ స్వాతంత్ర్యం ప్రసాదించింది" అని మొదలుపెట్టి, రెండు పేజీలు గంభీరంగా లాగించాడు. అది 1791లో అమెరికా వాళ్లు చేసుకున్న సవరణ. మన మొదటి సవరణ 1951 నాటిది. అది వాక్ స్వాతంత్ర్యం ఇవ్వలేదు సరికదా, శాంతిభద్రతలు, విదేశాలతో స్నేహ సంబంధాలు, నేరానికి పురికొల్పడం అనే కారణాలు చేర్చి, దాని మీద ఆంక్షలు పెట్టే వీలు పెంచింది. కొన్ని చట్టాలను కోర్టుల్లో సవాలు చేయకుండా దాచిపెట్టే తొమ్మిదో షెడ్యూలు పుట్టిందీ అప్పుడే. అంటే కుర్రాడి వ్యాసం నూటికి నూరు పాళ్లూ తిరగబడింది. "మూడొంతుల రాష్ట్రాలు ఒప్పుకోవాలి" అన్న వాక్యం కనిపించినా నాకు అనుమానమే, అది కూడా అమెరికా సరుకే. మన 368వ అధికరణ ప్రకారం పార్లమెంటు ఉభయ సభల్లో ప్రత్యేక మెజారిటీ (మొత్తం సభ్యుల్లో సగానికి మించి, ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులు) కావాలి. రాష్ట్రాల అధికారాల వంటి కొన్ని విషయాలకు మాత్రమే, అదనంగా సగానికి తగ్గకుండా రాష్ట్రాల శాసనసభలు ఆమోదించాలి.

అపోహ: నంబరూ, సంవత్సరమూ ఉంటే చాలు, మార్కులు పడిపోతాయి.

నంబర్ల దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. బిల్లు నంబరు వేరు, సవరణ నంబరు వేరు. జీఎస్టీ 122వ సవరణ బిల్లుగా వెళ్లి, 2016లో 101వ సవరణగా బయటికొచ్చింది. చట్టసభల్లో మహిళా రిజర్వేషన్ 2023లో 128వ బిల్లు, అయ్యింది 106వ సవరణ. పిల్లలు పాత పేపరు కటింగు చూసి "128వ సవరణ" అని రాసేస్తారు.

సంవత్సరానిదీ అదే తంతు. 86వ సవరణ 2002లో వచ్చింది, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువు ప్రాథమిక హక్కు చేసింది. అమల్లోకొచ్చింది మాత్రం 2010 ఏప్రిల్ 1న. మధ్యలో ఆ ఏడేళ్ల పైచిలుకూ ఏమైనట్టు? వ్యాసం రాయాల్సింది ఆ ప్రశ్న మీద.

అపోహ: పార్లమెంటు తలచుకుంటే ఏదైనా మార్చేయగలదు.

సుప్రీంకోర్టు తేల్చిన కేశవానంద భారతి కేసు ఒక్కటి చదివితే ఈ భ్రమ పోతుంది. 1973 ఏప్రిల్ 24న, పదమూడుగురు న్యాయమూర్తుల్లో ఏడుగురు అటు, ఆరుగురు ఇటు. సవరించొచ్చు గానీ రాజ్యాంగం మౌలిక స్వరూపాన్ని, అంటే దాని పునాది లక్షణాలను, చెరపకూడదని ఆ ఏడుగురూ అన్నారు. (సరిగ్గా ఇరవై ఏళ్లకు, 1993లో అదే తేదీన పంచాయతీల 73వ సవరణ అమల్లోకొచ్చింది. పిల్లలకు ఇలాంటివి చెబితే మరచిపోరు.)

అపోహ: అవతలివాడి వాదన రాస్తే మన వాదన పలచనైపోతుంది.

నేను ఎక్కువ పోట్లాడేది దీని మీదే, పిల్లలతో కంటే వాళ్ల అమ్మానాన్నలతో.

రెండేళ్ల కిందట చేపలరేవు వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది. 61వ సవరణ తీసుకుంది. ఓటు వయసును 21 నుంచి 18కి దించిన సవరణ అది, 1989 మార్చి 28న అమలైంది. మార్చింది 326వ అధికరణలో ఒక్క అంకె. ఆ అమ్మాయి మొదటి ప్రతిలో "యువతే దేశానికి వెన్నెముక" అన్న వాక్యం మూడుసార్లుంది. నేను ఎర్రపెన్ను పక్కన పెట్టి, "పద్దెనిమిదేళ్లోడికి ఏం తెలుసు, సినిమా హీరోని చూసి ఓటేస్తాడు అని మీ తాతయ్య అంటే ఏం చెబుతావ్?" అన్నాను. కాసేపు ఆలోచించి, "నిజంగానే అంటాడు మేడం" అంది.

అయితే తాతయ్య మాటతోనే మొదలుపెట్టమన్నాను, అదీ వెక్కిరింపు లేకుండా, ఆయన చెప్పినంత గట్టిగా. తర్వాత జవాబు. పద్దెనిమిది నిండితే చట్టం దృష్టిలో మేజరు, ఒప్పంద పత్రం మీద సంతకం చెల్లుతుంది, గేర్ల బండికి లైసెన్సిస్తారు. ఇంతవరకూ ఎవరైనా రాస్తారు. ఆ అమ్మాయి రాసినది ఇంకొకటుంది. వాళ్లన్నయ్యకు పందొమ్మిదేళ్లు, బోటు మీద కళాసీ. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో వేట నిషేధం. ఆ రెండు నెలలూ మరబోట్లు రేవులోనే ఉంటాయి. నిషేధం ఎన్నాళ్లో, భృతి ఎంతో తేల్చేది ప్రభుత్వాలు. "సముద్రం మీదికి పంపడానికి సరిపోయిన వయసు, ఆ ప్రభుత్వాన్ని ఎన్నుకోడానికి సరిపోదా తాతయ్యా?" అని ముగించింది. వెన్నెముక మూడుచోట్లా ఎగిరిపోయింది, నేను కొట్టేయక్కర్లేకుండానే.

అపోహ: రాజ్యాంగమంటే ఢిల్లీ కబురు, మన ఊళ్లో ఉదాహరణలుండవు.

విశాఖలో కూర్చుని ఈ మాట అనడం విడ్డూరం. 74వ సవరణ తీసుకోండి. పట్టణ పాలక సంస్థలకు రాజ్యాంగ హోదా ఇచ్చింది, 1993 జూన్ 1 నుంచి అమలు. దాని 243-యు అధికరణ ప్రకారం పాలకవర్గం గడువు ఐదేళ్లు, అది తీరకముందే కొత్త ఎన్నికలు పూర్తి కావాలి. మన విశాఖ నగరపాలక సంస్థ, అదే జీవీఎంసీలో? 2007లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2012లో తీరింది. మళ్లీ ఓట్లు వేసింది 2021 మార్చిలో, 98 వార్డులకు. మధ్యలో తొమ్మిదేళ్లు కార్పొరేటరన్న మనిషే లేడు.

"74వ సవరణ గొప్పది" అని రాసేవాడు దీన్ని దాచేస్తే, పక్క వీధిలోనే ఉండే పోటీ జడ్జి గారికి చదవగానే తెలిసిపోతుంది. ముందే ఒప్పుకుని, కాగితం మీదున్న గడువు ఊళ్లో అమలు కావాలంటే ఇంకేం చేయాలో రాస్తే ఆయన చివరిదాకా చదువుతాడు. పుస్తకాలకు ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉండనే ఉంది.

అపోహ: గ్రాంథికం, కొటేషన్లు దట్టించాలి.

వద్దు. అంబేద్కర్ పేరు మీద తిరిగే సూక్తుల్లో ఆయన ఎక్కడన్నారో చూపించలేనివి బోలెడు. ఎక్కడిదో చెప్పలేకపోతే వాడకండి, అంతే. "ప్రపంచంలోకెల్లా అతి పెద్ద లిఖిత రాజ్యాంగం" అన్న మొదటి వాక్యం కూడా, దిద్దేవాళ్లు ఆ పూట అప్పటికే నలభైసార్లు చదివి ఉంటారు.

ఆ రేవు అమ్మాయికి పోటీలో బహుమతి రాలేదు. వ్యాసం ఇంట్లో చదివి వినిపిస్తే తాతయ్య ఏమీ అనలేదట. అన్నయ్య మాత్రం, ఓటరుగా నమోదు కావాలంటే ఏ కాగితం నింపాలో మేడంని కనుక్కొని రమ్మన్నాడు. ఆరో నంబరు ఫారం అని రాసిచ్చాను.